కారు అమ్మేశాను, ఛలానాలు నాకే వస్తున్నాయి

ప్రశ్న: మాది నరసన్నపేట. ఏడాది క్రితం నా కారు ఇచ్ఛాపురం ఆయనకు అమ్మాను. డబ్బు మొత్తం ముట్టింది. తేదీ వేయకుండా సంతకాలు పెట్టిన 29, 30 ఫారాలు (పేరు మార్పు కోసం ఇచ్చేవి), సి-బుక్కు ఇచ్చేశాను. ఆయన పేరు మార్పించుకోకుండానే ఒడిశాలోని బరంపురంలో ఇంకొకరికి అమ్మేశాడట. ఛలానాలు నా ఫోన్‌కే వస్తున్నాయి. బండి పోయిందని పోలీసులకు కంప్లైంట్ ఇచ్చేయమంటున్నారు. ఇవ్వొచ్చా?

జవాబు: ఆ పని మాత్రం చేయకండి. డబ్బు తీసుకుని, తాళాలు మీ చేత్తో ఇచ్చి, దొంగతనం అని రాసిస్తే రేపు కేసు మీ మీదే అవుతుంది.

మీకూ ఆయనకూ మధ్య అమ్మకం పూర్తయిన మాట నిజమే. రవాణా శాఖ రికార్డులో మాత్రం ఇప్పటికీ ఓనరు మీరే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం రాష్ట్రంలోనే అమ్మితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో తెలియజేయాలి. ఆ ఫారాలు ఆయన బీరువాలో ఉంటే తెలియజేసినట్టు కాదు.

ఛలానాల సంగతి చిన్నది. ఆ కారు ఎవరినైనా గుద్దితే? ఇలాగే చేతులు మారిన కారు కేసులో, రికార్డులో పేరున్న వ్యక్తే పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఎప్పుడో అమ్మేశానన్న వాదన నిలవలేదు. పాలసీ నడుస్తుంటే సెక్షన్ 157 ప్రకారం థర్డ్ పార్టీ బీమా కొన్నవారికి వర్తిస్తుంది, మీకూ కాస్త రక్ష. గడువు తీరిందేమో ఈరోజే చూడండి. తీరిపోయి ఉంటే బీమా కంపెనీకి ఉన్న విషయం చెప్పి ప్రీమియం కట్టేయడమే మంచిదంటాను. మీ జేబులోంచి పోతుందని బాధ ఉంటుంది, కానీ పరిహారం లక్షల్లో ఉంటుంది.

తర్వాత ఇచ్ఛాపురం ఆయనకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అమ్మిన తేదీ, ముట్టిన మొత్తం, బండి నంబరు అందులో ఉండాలి. బ్యాంకులో డబ్బు పడిన స్టేట్‌మెంట్ జతచేసి, అదే నకలు శ్రీకాకుళం రవాణా కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. దీంతో బాధ్యత పూర్తిగా తప్పదు గానీ, ఆ కారు గంజాయితో పట్టుబడి పోలీసులు మీ గుమ్మం ఎక్కితే చూపించడానికి కాగితం ఉంటుంది.

మీ చేతిలో ఒక పట్టు కూడా ఉంది. ఒడిశాలో పేరు మారాలంటే ఇక్కడి రవాణా కార్యాలయం నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) వెళ్లాలి. దానికి 28వ ఫారం మీద మీ సంతకం కావాలి, అది మీరింకా ఇవ్వలేదు. బరంపురం ఆయన దాని కోసం వస్తే ముందు ఛలానాలన్నీ కట్టించండి. ఈసారి తేదీ, కొన్నవారి పేరు, చిరునామా నింపాకే సంతకం పెట్టండి.