జర్మనీ ఛాన్సలర్ ‘కులపతి’ ఎందుకయ్యారు?

నిఘంటువులో ముందు కనిపించిన అర్థం పట్టుకోవడం వల్లే మీరు తెలుగులోకి అనువదించిన వ్యాసంలో జర్మనీ ఛాన్సలర్ ‘కులపతి’ అయిపోయారు. ‘కులపతి’ అనేది విశ్వవిద్యాలయ పదవి. ఇలాంటి పదవుల పేర్లు అనువదించేటప్పుడు ఇలా చేయండి:

1. ముందు ఏ దేశమో చూడండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: అక్కడ ఆ పదవి చేసే పనేమిటో చూడాలి. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఛాన్సలర్ ప్రభుత్వాధినేత. బ్రిటన్‌లో ‘ఛాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్’ అంటే ఆర్థిక మంత్రి. స్విట్జర్లాండ్‌లోనైతే మంత్రిమండలి కార్యాలయాన్ని నడిపే వ్యక్తి. మాట ఒకటే, కుర్చీలు మూడు!

3. మీ వ్యాసంలో ‘ఛాన్సలర్’ అనే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట ‘ప్రభుత్వాధినేత’ అని చేర్చండి. జర్మనీకి అధ్యక్షుడు వేరే ఉంటారు, కలిపేయొద్దు.

జర్మనీ మాజీ ఛాన్సలర్ అంగేలా మెర్కెల్‌కి జర్మన్‌లో ఈ మాటకు స్త్రీలింగ రూపం వాడారు. తెలుగులో ఆ టెన్షన్ లేదు, ‘ఛాన్సలర్’ చాలు.