ఏడాదిలో ఒక నెల పని ఉచితంగా చేస్తున్నారేమో చూసుకోండి

ప్రశ్న: ఆఫీసులు శుభ్రం చేసే చిన్న సంస్థ నడుపుతున్నాను. ఆరుగురు పనిచేస్తున్నారు. ఇప్పుడు మూడంతస్తుల ఆఫీసుకు కొటేషన్ ఇవ్వమని అడిగారు. 30,000 చదరపు అడుగులు, వారానికి ఐదు రాత్రుల పని. ఇంతకుముందు రేటు ఎక్కువని రెండు టెండర్లు పోయాయి. ఆ కసితో తగ్గించి వేసి దక్కించుకున్న ఇంకో కాంట్రాక్ట్‌లో ప్రతి నెలా చేతి చమురు వదులుతోంది. ఈ పెద్ద పనికి చదరపు అడుగుకు ఎంత వేయాలి? దీనికోసం ఇంట్లో దాచుకున్న సొమ్ము తీయవచ్చా?

జవాబు: చదరపు అడుగు రేటు కొటేషన్‌లో అన్నిటికన్నా చివర తేలాల్సిన అంకె. దాంతోనే మొదలుపెట్టడం వల్ల మీకిప్పుడు నష్టమొస్తున్న కాంట్రాక్ట్ గిట్టుబాటు కావడం లేదేమోనని నా అనుమానం. వెయ్యి అడుగుల కాన్ఫరెన్స్ హాలును ఒక మనిషి పావుగంటలో వాక్యూమ్ చేసేయగలడు. అదే వెయ్యి అడుగుల నిండా బాత్రూమ్‌లుంటే గంటన్నర పట్టవచ్చు. మీ ఖర్చులో సింహభాగం జీతాలే కాబట్టి ముందు గంటలు తేలాలి.

అందుకు భవనాన్ని సరైన వేళ చూడాలి. పొద్దున పదింటికి వెళ్తే రాత్రి ఎవరో తుడిచిపెట్టిన ఆఫీసు చూసి వస్తారు. అందరూ ఇళ్లకు బయల్దేరే వేళకు వస్తానని అడగండి. చెత్తబుట్టలు ఎంత నిండుతున్నాయో, ప్యాంట్రీ సింక్‌లో ఎన్ని కప్పులు పడి ఉన్నాయో, గుమ్మం దగ్గర పట్టా మట్టిని ఆపుతోందో లేదో అప్పుడే కనబడుతుంది. బకెట్‌లో నీళ్లు ఎక్కడ పట్టుకోవాలో తప్పకుండా చూడండి. మూడో అంతస్తులో మాప్ పెట్టే మనిషి నీళ్ల కోసం కిందికి దిగాల్సి వస్తే, లిఫ్ట్ దగ్గర నిలబడిన నిమిషాలకు కూడా జీతం మీరే ఇవ్వాలి.

కమోడ్లు, సింకులు ఒక్కొక్కటిగా లెక్కపెట్టి రాసుకోండి. ఒక్కోదానికి 3 నిమిషాలు అన్నది ఈ రంగంలో చాలామంది వాడే అంచనా. ఐఎస్‌ఎస్‌ఏ అనే అంతర్జాతీయ క్లీనింగ్ పరిశ్రమ సంఘం 612 పనులకు ఎంతెంత సమయం పడుతుందో పట్టిక కూడా వేసింది. మొదటి అంచనాకు ఇవి పనికొస్తాయి. మీ మనుషుల అసలు వేగం మాత్రం ఇప్పుడున్న సైట్లలోనే గడియారం పెట్టి కొలుచుకోండి.

ఉదాహరణకు ఇలా వేద్దాం. కార్పెట్ పరిచిన హాళ్లు 22,000 అడుగులు, గంటకు 4,000 చొప్పున ఐదున్నర గంటలు. కారిడార్లు, లాబీ కలిపి 6,000 అడుగులు, మాప్‌తో గంటకు 3,000 చొప్పున రెండు గంటలు. కమోడ్లు, సింకులు మొత్తం 30, గంటన్నర. ప్యాంట్రీలకు ఒక గంట. సామాను పైకి చేర్చడం, చెత్త బయట పడేయడం, చివర మాప్‌లు ఉతికి ఆరేసి తాళాలు వేయడం ఇంకో గంట. ఈ చివరి గంటే చాలామంది మర్చిపోతారు. మొత్తం రాత్రికి 11 గంటలు.

దీన్ని నెలకు మార్చేటప్పుడు జరిగే ఒక పొరపాటు, నా దగ్గరికి వచ్చే చిన్న సంస్థల లెక్కల్లో పదే పదే చూశాను. వారానికి 5 రాత్రులు, నెలకు 4 వారాలు, మొత్తం 20 రాత్రులని 220 గంటలకు రేటు వేస్తారు. కానీ ఏడాదికి 52 వారాలు, అంటే 260 రాత్రులు. 12తో భాగిస్తే నెలకు 21.67 రాత్రులు, దాదాపు 238 గంటలు. తేడా 18 గంటలే కదా అనిపిస్తుంది. ఏడాది మొత్తానికి చూస్తే అది 220 గంటలు! మీరు 12 నెలలకు బిల్లు వేసి, 13 నెలల పని చేసిపెడుతున్నారన్నమాట. నష్టమొస్తున్న కాంట్రాక్ట్ కాగితం తీసి ముందు ఈ గుణకారం ఎలా వేశారో చూడండి.

తర్వాత గంట ఖర్చు. గంటకు చేతికిచ్చే కూలీని 100 అనుకోండి. సెలవు రోజుల జీతం, చట్టప్రకారం కట్టాల్సినవి, బీమా, ఎవరైనా రాకపోతే పంపే బదులు మనిషి, అన్నిటికీ 20. క్లీనింగ్ లిక్విడ్లు, గుడ్డలు, మాప్‌లకు 6, యంత్రాల అరుగుదలకు 4, సూపర్‌వైజర్‌కు 10, మీ ఆఫీసు ఖర్చుకూ మీ సొంత జీతానికీ కలిపి 10. మొత్తం 150. చోటును బట్టి ఈ అంకెలు మారతాయి, వరుస మాత్రం ఇదే. మీ జీతాన్ని లాభంలోంచి తీసుకుందాంలే అనుకోకండి, అది కూడా ఖర్చే.

20 శాతం లాభం కావాలని 150కి 20 శాతం కలిపి 180 వేస్తే, మిగిలే 30 ఆ 180లో 16.67 శాతమే. నిజంగా 20 శాతం మిగలాలంటే 150ని 0.80తో భాగించాలి. 187.5 వస్తుంది. ఈ పొరపాటు, నాలుగు వారాల పొరపాటు రెండూ కలిస్తే మీరనుకున్న 20 శాతం 10 శాతం లోపుకు పడిపోతుంది. ఇప్పుడు మీ ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. 238ని 187.5తో గుణించి 30,000తో భాగిస్తే దాదాపు 1.5. కూలీని 100 అనుకున్నాం కాబట్టి, ఈ ఉదాహరణలో నెలకు చదరపు అడుగు రేటు మీ గంట కూలీలో ఒకటిన్నర శాతం.

టిష్యూలు, చేతులు కడిగే సబ్బు ఈ ధరలో కలపకండి. ఆఫీసులో మనుషులు పెరిగితే వాటి ఖర్చు పెరుగుతుంది, అది మీ చేతిలో లేదు. వాడినదానికి విడిగా బిల్లు వేస్తామని రాయండి. అద్దాలు తుడవడం, కార్పెట్ షాంపూ లాంటి మూడు నెలలకోసారి చేసే పనులకు కూడా ధర విడిగానే చూపించండి.

మూడేళ్ల కాంట్రాక్ట్ అయితే జీతాలు పెరిగినప్పుడు ధర పెరిగే షరతు తప్పనిసరి. 100 బిల్లులో 70 దాకా జీతాలకే పోతుంది. అవి ఏటా 5 శాతం పెరిగి ధర కదలకపోతే, 20గా మొదలైన లాభం రెండో ఏడు 16.5కి, మూడో ఏడు 13 లోపుకు దిగుతుంది.

కొటేషన్‌లో సంస్థ చరిత్ర నాలుగు లైన్లు చాలు. ఏ గదిలో ఏ పని ఎన్ని రోజులకోసారి, ఏవి చేయరు, తనిఖీ ఎవరిది అన్నవి స్పష్టంగా ఉండాలి. అందులో 'రాత్రికి 11 పని గంటలు' అని తప్పక రాయండి. అది చదివిన మేనేజర్, మీకన్నా తక్కువ వేసినవాళ్లను కూడా ఎన్ని గంటలని అడుగుతారు. ఆ గంటలకు చట్టం చెప్పిన కనీస కూలీ కూడా రాని రేటు అయితే అక్కడే బయటపడుతుంది. పనివాళ్ల కడుపు కొట్టి గెలిచే పోటీలోకి దయచేసి మీరు దిగకండి.

పోయిన రెండు టెండర్ల గురించి బాధపడకండి. 1971లో అమెరికాలో ఒక చమురు కంపెనీ ఇంజనీర్లు ముగ్గురు సముద్రగర్భ చమురు వేలాల మీద రాస్తూ, అసలు విలువ ఎవరికీ కచ్చితంగా తెలియని పోటీలో అంచనా బాగా తప్పినవాళ్లే గెలిచే అవకాశం ఎక్కువని చూపించారు. దీన్ని విన్నర్స్ కర్స్, అంటే గెలిచినవాడి శాపం, అంటారు. ఆ వేలాల్లో గెలిచినవాళ్లు ఎక్కువకు పాడి నష్టపోయేవాళ్లు, మనం తక్కువకు వేసి నష్టపోతాం.

ఇక దాచుకున్న సొమ్ము. నెలంతా పనిచేసి బిల్లు పంపాక 45 రోజులకు చెల్లిస్తారనుకుంటే, మొదటి రోజు పనికి డబ్బు 75వ రోజున వస్తుంది. అప్పటికి రెండు జీతాలు ఇచ్చేసి ఉంటారు, మూడోది దగ్గర పడుతుంటుంది. కాబట్టి రెండున్నర నెలల జీతాలు, కొత్త యంత్రాల ఖర్చు ముందే చేతిలో ఉండాలి. పదిహేను రోజులకోసారి బిల్లు, మరో పదిహేను రోజుల్లో చెల్లింపు అని ఒప్పించగలిగితే ఆ 75 రోజులు 30కి తగ్గుతాయి. రేటులో కాస్త తగ్గమని వాళ్లడిగితే బదులుగా మీరు అడగాల్సింది ఇదే.

ఆరు నెలల ఇంటి ఖర్చు ముట్టుకోకండి. ఆ పైన ఉన్నది తీసినా, సంస్థకు మీరిచ్చిన అప్పుగా రాసుకుని నెలవారీగా వెనక్కి తీసుకోండి. అది చాలకపోతే బ్యాంకులో వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ (రోజువారీ ఖర్చులకు అవసరమైనప్పుడు వాడుకునే అప్పు) అడగండి. అదీ కుదరకపోతే ఒక్క అంతస్తుకే కొటేషన్ ఇస్తామని చెప్పడంలో తప్పేమీ లేదు. ఈ ఒక్క కస్టమరే మీ ఆదాయంలో సగం దాటేలా ఉంటే, 30 రోజుల నోటీసుతో రద్దు చేసే షరతుకు ఒప్పుకోకండి, 90 రోజులు అడగండి.

నష్టమొస్తున్న పాత కాంట్రాక్ట్‌లో ఒక వారం రోజులు ఎవరెన్ని గంటలు పనిచేశారో రాయించండి. ఆ కాగితంతో వెళ్లి ధర సవరించమనండి, లేదా అంత ధరకు ఏ పనులు తగ్గించాలో వాళ్లనే చెప్పమనండి. రెండూ కుదరదంటే నోటీసు ఇచ్చి, ఆ మనుషులను కొత్త సైట్‌కు పంపండి.