'బడు' తీసేసి రాయమ్మా

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే శాస్త్రవేత్తలు కోడిపిండం పొరల మీద ఫ్లూ వైరస్‌తో పనిచేస్తూ వైరస్‌ను అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌ను కనిపెట్టిన భాగం బాగుంది. రెండో పేజీకొచ్చేసరికి ఒళ్ళు మండింది. "కోడి కణాల్లో రక్షణ జన్యువులు నియంత్రించబడతాయి" అని రాశావు. ఎవరు నియంత్రిస్తారమ్మా? ఆ ఒక్క పేజీలోనే పదకొండు 'బడు'లు. ఎర్రపెన్నుతో చుట్టి పంపుతున్నాను.

'బడు' వచ్చిందంటే పనిచేసినవాళ్ళు మాయమైపోతారు. మనకు తెలియనిది కూడా దాని చాటున దాక్కుంటుంది. కర్తను పెట్టి రాసి చూడు. కోడి కణంలోకి ఫ్లూ వైరస్ దిగగానే దాని జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏను ఎండీఏ5 అనే ప్రోటీన్ పసిగడుతుంది. ఆ కబురు మైటోకాండ్రియా మీదున్న మావ్స్ అనే ప్రోటీన్ అందుకుంటుంది. ఆ కబురుతో కదిలిన ఐఆర్‌ఎఫ్7 అనే మరో ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్ళి ఇంటర్‌ఫెరాన్ జన్యువును లేపుతుంది. ఇంటర్‌ఫెరాన్ బయటికొచ్చి పక్క కణాలను హెచ్చరిస్తుంది. మనుషుల్లో అయితే ఐఆర్‌ఎఫ్3 ముందు కదులుతుంది, కోడికి అది లేదు. వైరస్‌ను పసిగట్టే రిగ్-ఐ అనే ప్రోటీన్ కూడా కోడికి లేదు, బాతుకుంది. బాతు రిగ్-ఐని కోడి కణాల్లో పెట్టి చూశారు 2010లో. ఇంటర్‌ఫెరాన్ పెరిగింది, వైరస్ తగ్గింది. ఇంత కథ ఉండగా నువ్వు "కోడికి ఇమ్యూనిటీ తక్కువ" అని ఒక్క ముక్కలో తేల్చేశావు!

మా ఊళ్ళో కోళ్ళకు కొక్కెర తెగులనే వైరస్ జబ్బు తగిలిన ఏడు, పొద్దున్నే అమ్మ గంప ఎత్తితే పెట్ట మెడ మెలితిరిగి, ఒకటే గిర్రున తిరుగుతోంది. పక్కన పచ్చటి రెట్ట. అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని నోట్లో నీళ్ళు వదులుతూ "ఏ మాయరోగం పట్టుకుందే నిన్ను" అంది. అమ్మ మాటలో కర్త ఉంది చూడు. నా మొదటి వ్యాసం దాని మీదే. "వైరస్ నరాలను దెబ్బతీసింది" అని రాస్తే, ఒక వారపత్రిక ఎడిటర్ "నరములు దెబ్బతీయబడినవి" అని దిద్ది అచ్చేశాడు. సైన్సుకు గాంభీర్యం ఉండాలట! నలభై ఏళ్ళయింది, ఆ కోపం ఇంకా చల్లారలేదు.

పుస్తకం వేయడం గురించి అడిగావు, అది తర్వాత మాట్లాడుకుందాం. ముందు రెండో పేజీ తిరగరాయి. లేపిన జన్యువుల జోరును మళ్ళీ తగ్గించే సాక్స్1 అనే ప్రోటీన్ గురించి నువ్వు అసలు రాయనేలేదు. ఆ పేరా చేర్చి, ఆదివారంలోగా పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు