ఐబొమ్మ మూతపడితే హాళ్ళు నిండుతాయా? రొయ్యల గుంట కాడ నుంచి నా సమాధానం

పైరసీ వల్ల తెలుగు సినిమాకి నిజంగా వేల కోట్లు పోతున్నాయా, 2025 నవంబర్‌లో ఐబొమ్మ అనే పైరసీ సైటు నడిపే అతన్ని పట్టుకున్నారు కదా ఇక కలెక్షన్లు పెరుగుతాయా అని అడిగారు. పెరగవండి. మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం, రొయ్యల గుంటలున్నాయి, సినిమా పిచ్చి అంతకన్నా ఎక్కువుంది, ఆ రెండూ చూసినోడిగా చెప్తున్నా.

2013 సెప్టెంబర్‌లో అత్తారింటికి దారేది రిలీజ్ కాకముందే సగం సినిమా బయటికొచ్చేసింది, గుర్తుంది కదా. మా సెంటర్లో సెల్ షాపాయన మెమరీ కార్డులోకి ఎక్కించి ఇస్తా ఉంటే మా బాబాయి కొడుకు తెచ్చాడు. రాత్రి పదకొండుకి గుంట గట్టు మీద మోటారు షెడ్డులో నలుగురం ఒక ఫోన్ చుట్టూ కూర్చున్నాం. గుంట నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ల మోతకి డైలాగులు వినపడవు, మా వాడు ఫోన్ చెవికి పెట్టుకుని విని మాకు చెప్తాడు, కాపలా తాత మేత బస్తా మీద కూర్చుని "ఏందిరా అన్నాడు, మళ్ళీ చెప్పు" అంటాడు. ఇంటర్వెల్ దాకా వచ్చి ఆగిపోయింది. ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు, మిగతా సగం ఏమయ్యుంటదా అని ఒకటే గోల. 27న సినిమా వస్తే తాతతో సహా అందరం నెల్లూరు పోయి చూశాం, మా వాడు మూడుసార్లు చూశాడు. లీకైన సినిమానే ఆ ఏడు దుమ్ము లేపింది.

ఎందుకు పోగలిగాం అంటే చేతిలో డబ్బులున్నాయి. ఆ ఏడు థాయిలాండ్‌లో జబ్బొచ్చి రొయ్య దెబ్బతినింది, మేం పెంచే వనామీ రకం రొయ్యకి రేటు ఎగిరింది, పట్టుబడి అయిన, అంటే గుంటలో రొయ్య పట్టి అమ్ముకున్న ప్రతి ఇంట్లో సంబరమే. హాలు నిండేది దానివల్ల. సినిమా వాళ్ళ ట్రేడ్ లెక్కల్లో నెల్లూరు ఒక సపరేట్ ఏరియా, లిస్టులో చివరన ఉంటది, ఆ ఏరియా షేర్, అంటే డిస్ట్రిబ్యూటర్‌కి మిగిలే వాటా, ఎందుకు పెరిగింది ఎందుకు తగ్గింది అని రాసేవాళ్ళెవరూ రొయ్య రేటు చూడరు, పైరసీ అంటారు, లేకపోతే రివ్యూలంటారు.

ఇక ఆ నష్టం లెక్కలు. 2023లో దేశంలో పైరసీ 22,400 కోట్లు అని ఈవై అనే కన్సల్టింగ్ కంపెనీ వాళ్ళ రిపోర్టు, అందులో థియేటర్ సినిమాలదే 13,700 కోట్లు. అదే ఏడు దేశం మొత్తం మీద అన్ని భాషల సినిమాలకి తెగిన టికెట్లు కలెక్షన్లు లెక్కకట్టే ఆర్మాక్స్ సంస్థ లెక్క ప్రకారం 12 వేల కోట్ల పైచిలుకు. అంటే జనం కొన్న దానికన్నా దొంగతనంగా చూసిందే ఎక్కువ విలువ అంట, నేనైతే నమ్మను. ఫోన్లో ఊరికే చూసిన ప్రతివాడూ టికెట్ కొనేవాడే అనుకుంటే తప్ప అంత రాదు, మా కాపలా తాత జీతానికి నెలకి ఎన్ని సినిమాలు చూడగలడు చెప్పండి.

ఇప్పుడు మా రొయ్య సంగతి. 2023-24లో మన దేశం సముద్ర ఉత్పత్తుల ఎగుమతి 60,523 కోట్లు, టికెట్ల డబ్బుకి అయిదింతలు దగ్గర. అందులో పెద్ద భాగం రొయ్యే, ఆ రొయ్యలో పెద్ద వాటా ఆంధ్రాదే. సినిమాకి దొంగతనం జరిగితే 2023లో చట్టం మార్చి మూడేళ్ళ దాకా జైలు పెట్టారు, మంచిదే, నేను కాదనట్లేదు, కష్టపడి తీసినోడి సొమ్ము అది. కానీ 2025 ఏప్రిల్‌లో అమెరికా వాడు మన సరుకు మీద సుంకం 26 శాతం అని నోటి మాట అన్నాడో లేదో, ఇంకా అమల్లోకి రాకముందే, మా గుంట కాడికి వచ్చిన ఏజెంటు కిలోకి ముప్పై రూపాయలు కోశాడు. వల అప్పటికే వేసేశాం, ఐసు లారీ గట్టు మీద ఉంది, రొయ్య ట్రేల్లో ఎగురుతా ఉంది, కాదంటే యాడ దాచుకుంటాం? నాలుగు టన్నులకి లక్షా ఇరవై వేలు అక్కడికక్కడే పోయింది, దీన్ని ఏ రిపోర్టులోనూ నష్టం అని రాయలా. ఆగస్టుకి అదే సుంకం 50 శాతానికి పోయింది.

ఐబొమ్మ పోయాక మా బాబాయి కొడుకు ఫోన్లో సినిమాలు లేవు, నిజమే. సంక్రాంతికి హాలుకీ పోలేదు, అయిదుగురికి టికెట్లూ తిండీ పెట్రోలూ కలిపితే రెండు వేలు దాటుద్ది, వాడు ఆ డబ్బు మేత షాపు బాకీకి కట్టాడు. ఈసారి పట్టుబడికి 50 కౌంట్ (కిలోకి యాభై తూగే రొయ్య) రేటు నిలబడితే మాత్రం అందరం పోతాం, తాతని కూడా తీసుకుపోతాం, ఏ సైటు ఉన్నా లేకపోయినా.