మీ నాయినను గుండె డాక్టరుకు చూపించే ముందు

నల్లగొండ

బిడ్డా స్వప్నా,

మీ నాయినను హైదరాబాద్‌లో గుండె డాక్టరుకు చూపించడానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అన్న రావాలి, బాబాయి రావాలి అని కూర్చోకుండా నువ్వే పూనుకున్నావు. చాలా సంతోషమైంది. ఫోన్‌లో స్టార్ రేటింగ్ చూసి డాక్టర్ని ఎంచావని విన్నాక మాత్రం భయం పట్టుకుంది. మన బస్టాండ్ దగ్గర టిఫిన్ సెంటర్‌కు కూడా ఆ స్టార్లు ఉన్నాయమ్మా.

సర్కారు దవాఖానలో సిస్టర్‌గా చేసి రిటైరైనదాన్ని, ఊరికే ఉండలేక రాస్తున్నా. డాక్టరు పేరు పక్కన డీఎం కార్డియాలజీ గాని, డీఆర్‌ఎన్‌బీ కార్డియాలజీ గాని ఉందా చూడు, గుండె వైద్యంలో పై చదువులు అవి. బోర్డు మీద ‘గుండె, షుగర్ నిపుణులు’ అని ఎవరైనా రాయించుకోవచ్చు. ఆపరేషన్ చేసే సర్జన్ వేరు, ఆయనది ఎంసీహెచ్. ఊళ్లో ఆర్‌ఎంపీ ఫలానా హాస్పిటల్‌కే పోవాలని పట్టుబట్టి, తనే వెంట వస్తానంటే ఎందుకో ఆలోచించు.

ఇప్పుడు అసలు సంగతి. మీ నాయినకు కట్ట ఎక్కితే ఛాతీ పట్టేస్తుంది, ఆగితే తగ్గుతుంది అన్నావు. అలా ఉన్నంతవరకే ఈ ఎంపికలు, అపాయింట్‌మెంట్లు. ఊరికే కూర్చున్నప్పుడు వచ్చినా, మునుపటికంటే తరచుగా వచ్చినా, చెమటలు పట్టినా డాక్టర్ని వెతకొద్దు. 108కి ఫోన్ చేసి దగ్గరున్న పెద్ద దవాఖానకు పోవాలి.

మా బావగారి విషయంలో, అంటే మీ పెద్దమామ విషయంలో, జరిగింది నీకు సగమే తెలుసు. హైవే ఇంకా నాలుగు లేన్లు కాని రోజులు. రాత్రి అన్నం తిన్నాక గుండెల మీద బండ పెట్టినట్టుందన్నాడు. ఆర్‌ఎంపీ గ్యాస్ అని సూది వేశాడు. అక్కడే చాలా సమయం పోయింది. టౌన్‌కు తెచ్చి ఈసీజీ తీస్తే గుండెపోటు స్పష్టంగా కనిపిస్తోంది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు గడ్డ కరిగించే ఇంజెక్షన్, స్ట్రెప్టోకైనేజ్, ముందు ఇక్కడే ఇద్దాం, తర్వాత హైదరాబాద్ పంపుదాం అన్నాడు. ఆ మందు మొదటి గంటల్లో పడితేనే బాగా పనిచేస్తుంది. మా మామగారు ఒప్పుకోలేదు. ‘మీసాలు కూడా రాని పిలగాడి చేతిలో పెడతామా? నాకు తెలిసిన పెద్ద డాక్టరు ఉన్నాడు’ అన్నాడు. ఇంజెక్షన్ ఇప్పించండని నేను బతిమాలాను. ‘దవాఖానలో పనిచేస్తే డాక్టరమ్మ అయిపోయిందా’ అన్నది మా అత్త. అందరి ముందు.

జీపులో పడుకోబెట్టి తీసుకుపోయారు. నార్కట్‌పల్లి దాటేదాకా ఒకటే లారీలు. తీరా పోతే ఆ పెద్ద డాక్టరు ఊళ్లో లేడు. ఇంకో చోట మంచం ఖాళీ లేదన్నారు. మూడో చోట చేర్చుకునేసరికి బాగా తెల్లారింది. మనిషి బతికాడు గాని గుండె పంపింగ్ 30 శాతానికి పడిపోయింది. మోటబావిలో దూకి ఈతలు కొట్టిన మనిషి, నాట్లప్పుడు గట్టున మంచం వేసుకుని కూర్చునేవాడు. ఆ పెద్ద డాక్టరు నిజంగానే గొప్పవాడట. ఏం లాభం?

అందుకే మీ ఇంటికి దగ్గరలో ఏ దవాఖానలో క్యాథ్‌ల్యాబ్, అంటే గుండె నాళాల్లో బ్లాకులు చూసి తెరిచే గది, ఉంది, రాత్రిపూట కూడా టీమ్ ఉంటుందా అన్నది ఈ వారంలోనే కనుక్కో. కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించు. మీ అమ్మకు కనబడేటట్టు.

ఇక డాక్టరు దగ్గర. ముందు మాట్లాడి, ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్) చూసి ఆ తర్వాత ముందుకు పోయేవాడు కావాలి. కూర్చోకముందే ‘రేపు యాంజియోగ్రామ్’ అంటే ఎందుకని అడుగు, అది సన్నటి గొట్టం పంపి గుండె నాళాల్లో మందు వేసి తీసే ఎక్స్‌రే. యాంజియోగ్రామ్ కుదిరితే ముందు క్రియాటినిన్ (కిడ్నీల రక్త పరీక్ష) చూశారా, షుగర్ గోలీలు ఆపాలా అన్నది కూడా అడగాలి. మనిషి టేబుల్ మీద ఉండగానే ఒకరు బయటికొచ్చి ‘బ్లాక్ ఉంది, స్టెంట్‌కు సంతకం పెట్టండి’ అంటారు. స్టెంట్ అంటే నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం. అప్పుడు నీకు చేతులు ఆడవు. కాబట్టి ముందురోజే తేల్చుకో: అత్యవసరం కాకపోతే యాంజియోగ్రామ్ సీడీ తీసుకుని కిందికి దిగుతాం, రెండో డాక్టరుకు చూపిస్తాం అని. నడిస్తే వచ్చి ఆగితే తగ్గే నొప్పిని స్టెంట్ తగ్గిస్తుంది గాని, మందులు సరిగ్గా వాడేవాళ్ళకంటే ఆయుష్షు పెంచుతుందని పెద్ద పరిశోధనల్లో తేలలేదు. ఎడమవైపు ప్రధాన నాళంలో బ్లాక్ ఉన్నా, పంపింగ్ తగ్గినా లెక్క వేరు. మీ నాయినకు షుగర్ ఉంది కాబట్టి మూడు నాళాల్లోనూ బ్లాకులు కనబడితే బైపాస్ మేలేమో సర్జన్‌ను కూడా అడగాలి. ఈ ప్రశ్నలకు విసుక్కునే డాక్టరు ఎంత పేరున్నవాడైనా మనకొద్దు.

డబ్బుల సంగతి. రేషన్ కార్డు పట్టుకుపో. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలు చేశారు. ఆ హాస్పిటల్‌లో గుండె విభాగానికి అది వర్తిస్తుందా అని అక్కడ ఆ పథకం చూసే ఆరోగ్యమిత్రను అడుగు. హైదరాబాద్‌లోని సర్కారు పెద్ద దవాఖాన నిమ్స్ కూడా ఒకసారి ఆలోచించు, లైన్లు పెద్దవే అనుకో. స్టెంట్ ధరలకు 2017లో కేంద్రం పరిమితి పెట్టింది. బిల్లులో స్టెంట్ పేరు, ధర విడిగా ఉండాలి.

స్టెంట్ వేస్తే రక్తం పలుచనయ్యే గోలీలు పన్ను పీకించుకోవడానికని కూడా గుండె డాక్టర్ని అడగకుండా ఆపొద్దు. నెలనెలా చూపించుకోవడానికి నల్లగొండలోనే ఒక డాక్టర్ని పెట్టుకోండి. ప్రతిదానికీ హైదరాబాద్ అంటే మీ నాయిన రెండోసారికే మానేస్తాడు.

వాడు నా చంకనెక్కి పెరిగినవాడు, వాడి సంగతి నాకు తెలుసు. డాక్టరు ముందు బీడీలు మానేశానంటాడు. మానలేదు. పశువుల కొట్టం వెనక తాగుతాడు. నువ్వే చెప్పెయ్, తిడితే అత్త చెప్పమన్నదను. పాత ఈసీజీలు ఫోటోలు తీసి పెట్టు, ఆ కాగితం మీద గీతలు వెలిసిపోతాయి. వాడే గోలీల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వెయ్.

ఆ రోజు నేను కూడా వస్తున్నా. మీ నాయినకు ముందే చెప్పకు, ఏదో వంక పెట్టి ఆగిపోతాడు.

మీ మేనత్త