మేడ మీదికి నెట్ రావాలంటే

చిరంజీవి చిన్నాకి,

పెదనాన్న దీవెనలు. మేడ మీద నెట్ రావట్లేదని ఆరు యాంటెన్నాల రౌటర్ కొంటానన్నావు. ఆగు, డబ్బు పారెయ్యకు. ఉన్నది ఎక్కడుందో ముందు చూడు. బిగించడానికి వచ్చిన కుర్రాడు వైరు అందినచోట, టీవీ వెనక మూలన పెట్టి పోయాడు. పక్కనే మీ అమ్మ ఇనప బీరువా! దాన్ని దాటి సిగ్నల్ ఎలా వస్తుంది? హాలు మధ్యగోడకు మనిషి ఎత్తులో పెట్టించు. ఫైబర్ వైరు నువ్వు లాగొద్దు, మడత పడితే లోపలి గాజుపోగు విరుగుతుంది.

అయినా మధ్యలో శ్లాబు ఉంది, నిండా ఇనప చువ్వలు. వైఫై సిగ్నల్ మామూలుగా రెండు రకాల రేడియో తరంగాల మీద వస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌కు వేగం ఎక్కువే గానీ గోడలు దాటేసరికి నీరసపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ ఇంకాస్త దూరం పోతుంది, కాకపోతే ఇరుగుపొరుగువాళ్ల రౌటర్లన్నీ అక్కడే అరుస్తుంటాయి. అందులో చానెళ్లని చిన్న దారులుంటాయి, 1, 6, 11 చానెళ్లలో రద్దీ తక్కువున్నది పెట్టుకో. 3 లాంటిది పెడితే అటు 1తోనూ ఇటు 6తోనూ తగువే.

నేనూ మొదట రిపీటర్ కొన్నాను, సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే పెట్టె. ఫోన్‌లో గీతలు నిండుగానే ఉండేవి, మీ వదిన వీడియో కాల్ చేస్తే మాత్రం మనిషి బొమ్మలా బిగుసుకుపోయేది. చవక రిపీటర్ విన్న మాటనే అదే చానెల్లో మళ్లీ చెప్పాలి, వేగం సగానికి పడిపోతుంది. అందుకే క్యాట్ 6 అనే నెట్ కేబుల్ ఒకటి కింది రౌటర్ నుంచి పైకి లాగు. 100 మీటర్ల దాకా ఢోకా లేదు. పైన మీరు వాడకుండా ఉంచిన పాత రౌటరే పెట్టు. ముందు దాన్ని ల్యాప్‌టాప్‌కు కలిపి, కింది రౌటర్ అడ్రసు 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వు, ఫోన్లకు అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ ఆపెయ్. కేబుల్ ల్యాన్ (LAN) అని రాసున్న పోర్టులోనే గుచ్చు. నేను డీహెచ్‌సీపీ ఆపడం మరిచిపోయాను. రెండు రౌటర్లూ అడ్రసులు పంచిపెట్టి, సగం ఫోన్లకు నెట్ లేదు. ఒక పూటంతా తల పట్టుకున్నాను. రెండింటికీ పేరు, పాస్‌వర్డ్ ఒకటే పెట్టు, చానెళ్లు మాత్రం వేరు.

పాస్‌వర్డ్‌గా ఫోన్ నంబరు పెట్టకు, వీధంతా తెలుసది. రౌటర్ సెట్టింగులు తెరిచే అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చు. వైఫైకి తాళం లాంటి భద్రత సెట్టింగు డబ్ల్యూపీఏ2కి తగ్గొద్దు, పాస్‌వర్డ్ కొట్టకుండానే కలిపే డబ్ల్యూపీఎస్ ఆపెయ్. అద్దెకున్నవాళ్లు అడిగితే గెస్ట్ నెట్‌వర్క్, అంటే వేరే పేరు, పాస్‌వర్డ్ ఉన్న విడి వైఫై ఇవ్వు.

కేబుల్ కొసకు ప్లగ్గు బిగించే క్రింపింగ్ టూల్ నా దగ్గరుంది, ఆదివారం తెస్తాను. నిచ్చెన ఎక్కడం మాత్రం నీ వంతు, నా మోకాళ్ల సంగతి తెలుసుగా.

మీ పెదనాన్న