వేటకు రివాల్వర్ పట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. వచ్చే సీజన్‌లో జింక వేటకు రైఫిల్ వదిలి రివాల్వర్‌తో వెళ్లాలని ఉందనీ, అదే ఆయుధం అడవిలో నడిచే రోజుల్లో ఒంటి మీద రక్షణగా కూడా ఉండాలనీ, అందుకు అన్నిటికన్నా బలమైనది ఏదో చెప్పమనీ అడిగావు. బలం సంగతి తర్వాత చూద్దాం. ఏ రివాల్వర్ పేలినప్పుడు నీ చెయ్యి బెదరకుండా ఉంటుందో ముందు తేల్చుకోవాలి. ఈ ఉత్తరం ఇంత పొడవుగా రాయడానికి కారణం అదే.

ఈ మాట నేను నష్టపోయి నేర్చుకున్నాను. .44 మాగ్నమ్ అనే బలమైన తూటా కాల్చే రివాల్వర్ ఇంకా సరిగా అలవాటు కాకముందే, పెద్దదైతే పని సులువవుతుందన్న భ్రమతో అంతకన్నా బలమైన .454 కసుల్ కొన్నాను. మొదటి రోజు ఇరవై తూటాలు కాల్చేసరికి బొటనవేలి మొదట్లో చర్మం చిట్లింది. అంతకన్నా పెద్ద దెబ్బ మనసుకు తగిలిందని అప్పుడు గ్రహించలేదు. ఆ సీజన్‌లో నలభై గజాల దూరంలో, పక్కకు తిరిగి నిశ్చలంగా నిలబడిన ఆడ జింకను కాల్చాను. ట్రిగ్గర్ కదిలే క్షణంలో నా మణికట్టు తనంతట తానే కిందికి వంగింది. ఊపిరితిత్తులకు తగలవలసిన గుండు పొట్టలో దిగింది. చీకటి పడేవరకు ఆకుల మీద నెత్తుటి చుక్కలు వెతుకుతూ తిరిగాను, మర్నాడు ఉదయం గానీ అది దొరకలేదు. ఆ రాత్రంతా ఆ జీవి పడిన బాధకు నా తొందరపాటే కారణం. నీ చేతి మీదుగా అలాంటిది జరగకూడదని కోరుకుంటున్నాను.

ఇక క్యాలిబర్, అంటే తూటా కొలత విషయం. 1935లో వచ్చిన .357 మాగ్నమ్ సాధారణంగా పది గ్రాముల గుండును, అంటే 158 గ్రెయిన్ల గుండును, నాలుగు అంగుళాల గొట్టం నుంచి సెకనుకు దాదాపు 375 మీటర్ల వేగంతో పంపుతుంది. మంచి గుండు ఎంచుకుని, దగ్గర నుంచి, కచ్చితమైన చోట కొట్టగలిగితే చిన్నపాటి జింకకు అది చాలు, కానీ పొరపాటుకు అందులో చోటు లేదు. 1955లో స్మిత్ అండ్ వెస్సన్, రెమింగ్టన్ సంస్థలు కలిసి తెచ్చిన .44 మాగ్నమ్ పదిహేనున్నర గ్రాముల గుండును, అంటే 240 గ్రెయిన్లను, సెకనుకు 400 మీటర్లకు పైబడిన వేగంతో పంపుతుంది. .44 స్పెషల్ తూటాలో అప్పటికి కొన్నేళ్లుగా మందు దట్టించి కాలుస్తూ, ఇలాంటిదొకటి కావాలని పట్టుబట్టిన వేటగాడు ఎల్మర్ కీత్. నా సలహా కూడా .44 మాగ్నమే. దానిలో పొట్టి తూటా అయిన .44 స్పెషల్‌ను కూడా నిశ్చింతగా కాల్చవచ్చు కనుక, ఒకే ఆయుధంతో మెల్లగా మొదలుపెట్టి పైకి వెళ్లవచ్చు. మరీ ఎక్కువగా పొట్టి తూటాలు కాల్చితే సిలిండర్‌లో, అంటే తూటాలు పట్టి తిరిగే భాగంలో, తూటా కూర్చునే గది లోపల మసి వలయం కడుతుంది. దాన్ని బ్రష్‌తో తీసివేయకపోతే పొడవు తూటా బిగుసుకుంటుంది, అంతే.

1873 నాటి .45 కోల్ట్ కూడా మంచిదే. అయితే నేటి బలమైన ఫ్రేముల కోసం తయారయ్యే బరువైన తూటాలను పాత రివాల్వర్లలో ఎన్నడూ పెట్టకూడదు. 2003లో వచ్చిన .500 మాగ్నమ్ వంటివి నీకు ఇప్పట్లో వద్దు. పొడవు గొట్టంతో ఆ రివాల్వర్ రెండు కిలోల బరువుంటుంది. దాన్ని రోజంతా మోసేవారు కొద్దిమంది, బెదరకుండా కాల్చేవారు ఇంకా కొద్దిమంది.

సింగిల్ యాక్షన్‌లో ప్రతిసారీ హ్యామర్‌ను, అంటే తూటాను పేల్చే వెనుక సుత్తిని, బొటనవేలితో లాగాలి; డబుల్ యాక్షన్‌లో ట్రిగ్గర్ నొక్కితే అదే లేచి పడుతుంది. వీటిలో ఏది కావాలన్నది చాలావరకు చేతి ఆకారం తేల్చే విషయం. రూగర్ సూపర్ బ్లాక్‌హాక్ వంటి సింగిల్ యాక్షన్ పిడి, పేలినప్పుడు అరచేతిలో పైకి దొర్లుతుంది. దాన్ని ఇనుప పిడికిలితో ఆపకుండా దొర్లనిస్తే తన్ను తగ్గినట్టు అనిపిస్తుంది. డబుల్ యాక్షన్ నేరుగా వెనక్కి తంతుంది, కాని రబ్బరు పిడి వేస్తే చాలామందికి అదే హాయి. వేటలో ఏ రకమైనా హ్యామర్ లాగి పెట్టుకుని కాల్చడమే మంచిది, ఎందుకంటే అప్పుడు ట్రిగ్గర్ తేలికగా, కొద్ది దూరమే కదులుతుంది. ఒక్క హెచ్చరిక గుర్తుంచుకో: రూగర్ కంపెనీ వారు సింగిల్ యాక్షన్లలో ట్రాన్స్‌ఫర్ బార్, అంటే ట్రిగ్గర్ నొక్కితే తప్ప హ్యామర్ దెబ్బ తూటాకు చేరనివ్వని పలక, పెట్టింది 1973 నుంచి. అంతకు ముందువైనా, పాత కోల్ట్ పద్ధతిలో చేసినవైనా నీ చేతికి వస్తే ఐదు తూటాలే నింపి, హ్యామర్ కింద ఖాళీ గది ఉంచుకోవాలి. గొట్టం విషయానికొస్తే వేటకు ఏడున్నర అంగుళాలు, మోయడానికి నాలుగు హాయిగా ఉంటాయి. రెండు పనులకూ ఒకటే కావాలంటున్నావు కనుక ఐదున్నర, ఆరు అంగుళాల మధ్య చూడు.

వాడినది కొంటే, ముందు అది ఖాళీ అని కళ్లతో చూసి వేలితో తడిమి నిర్ధారించుకో. తర్వాత హ్యామర్‌ను చాలా మెల్లగా, బొటనవేలి కొసతో వెనక్కి లాగుతూ సిలిండర్‌ను గమనించు. హ్యామర్ చివరిదాకా వచ్చి ఆగేలోగా సిలిండర్ టక్కుమని తాళం పడాలి. ఆరు గదులకూ ఇలా చూడాలి. ఒక్క గది ఆలస్యంగా తాళం పడినా ఆ రివాల్వర్ వదిలెయ్యి. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సందు వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సన్నని గీతలా కనిపించాలి, అది మిల్లీమీటరులో పదో వంతు నుంచి ఐదో వంతు లోపు ఉంటుంది. ఆ సందులోంచే ప్రతి పేలుడుకూ మండే వాయువు పక్కకు కత్తిలా దూసుకొస్తుంది. రైఫిల్ అలవాటున్నవాళ్లు ఆనుగా ఉంటుందని ఎడమ చేతిని ముందుకు చాపుతారు. అలా సందు దగ్గర వేలు పెడితే మాంసం చీలిపోతుంది. రెండు చేతులూ పిడి దగ్గరే ఉండాలి.

ఇప్పుడు అసలు విషయం, బెదురు. పేలుడునూ తన్నునూ ఊహించుకుని శరీరం ముందే ముడుచుకోవడాన్ని మాటలతో మాన్పలేం. మొదటి నెల .44 స్పెషల్ తప్ప మరేదీ ముట్టుకోకు. చెవుల్లో బిరడాలు పెట్టుకుని పైన చెవులను కప్పే మఫ్‌లు కూడా పెట్టుకో, ఎందుకంటే బెదురులో సగం చప్పుడు వల్లే. తర్వాత ఒక స్నేహితుణ్ణి నీకు కనబడకుండా సిలిండర్ నింపమను: మూడు అసలు తూటాలు, మూడు డమ్మీలు, అంటే పేలని ఉత్తుత్తి తూటాలు, తనకు తోచిన వరుసలో. ఏది ఎప్పుడొస్తుందో నీకు తెలియదు. హ్యామర్ డమ్మీ మీద పడి ‘టిక్’ మన్నప్పుడు గొట్టం కొసన గురి కోసం ఉండే ముందు సైట్ కిందికి దూకిందంటే నీ బెదురు నీ కళ్లముందే దొరికిపోయినట్టు. పదిసార్లు టిక్ మన్నా ఆ సైట్ చివర చెక్కుచెదరకుండా నిలిచిన రోజున మాగ్నమ్ తూటాల పెట్టె తెరువు. అప్పుడు కూడా ఒక పూటకు ఇరవై చాలు; అలసిన చెయ్యి తప్పుడు అలవాట్లే నేర్చుకుంటుంది. ఇంట్లో ఖాళీ రివాల్వర్‌తో, తూటాలు వేరే గదిలో పెట్టి, రోజూ పది నిమిషాలు ట్రిగ్గర్ లాగడం సాధన చెయ్యి. గురి చూసేటప్పుడు ముందు సైట్ స్పష్టంగా, లక్ష్యం కాస్త మసకగా కనబడాలి. లక్ష్యం స్పష్టంగా కనబడుతోందంటే నీ చూపు తప్పు చోట ఉందన్నమాట.

సాధనంతా బల్ల మీద ఆనించి చేస్తే అడవిలో అక్కరకు రాదు. కూర్చుని మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, చెట్టు కాండానికి చెయ్యి ఆనించి, సంచి మీద చేతులు పెట్టి కాల్చడం నేర్చుకో. ఆనించవలసింది చేతులను మాత్రమే. గొట్టాన్నే గట్టి చెక్క మీద ఆనిస్తే గుండు తగిలే చోటు మారిపోతుంది. ఆరు అంగుళాల కాగితపు పళ్లెం పెట్టి, ఈ భంగిమల్లో వరుసగా ఆరుకు ఆరూ పళ్లెంలో పడే దూరం ఎంతో చూసుకో. ఆ దూరమే నీ హద్దు. అది ముప్పై గజాలైతే ముప్పై గజాలే. ముప్పై ఐదు గజాల్లో ఎంత అందమైన కొమ్ములు కనబడినా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు.

తూటాల్లో జింకకు విచ్చుకునే గుండు మంచిది. ఎలుగు తిరిగే చోట మోయడానికి మాత్రం ముక్కు చదునుగా ఉండి విచ్చుకోకుండా లోతుకు దిగే గట్టి సీసపు గుండు వాడతారు. రెండు రకాలూ ఒకే చోట తగలవు కనుక ఏది నింపితే దానితోనే సైట్లు సరిచూసుకో. ఇంకొకటి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది: తేలికపాటి రివాల్వర్‌లో బరువైన తూటాలు కాలుస్తుంటే, ఆ కుదుపుకు ఇంకా పేలని తూటాల్లోని గుండ్లు కొద్దికొద్దిగా ముందుకు జరుగుతాయి. ఒకటి సిలిండర్ దాటి బయటికి వచ్చిందా, సిలిండర్ ఇక తిరగదు. ఐదు కాల్చి, ఆరోదాన్ని బయటికి తీసి, కొత్త తూటా పక్కన నిలబెట్టి పొడవు పోల్చు. పెరిగి ఉంటే ఆ తూటాలు ఆ రివాల్వర్‌కు పనికిరావు. ఎప్పుడైనా చప్పుడు మరీ నీరసంగా వినబడితే వెంటనే ఆగి, ఖాళీ చేసి, గొట్టంలో గుండు ఇరుక్కుందేమో చూడాలి. చూడకుండా రెండోది కాల్చితే గొట్టం పగలవచ్చు.

అడవిలో మోయడానికి నడుము ఒర కన్నా ఛాతీ ఒర మేలు. వీపు సంచి పట్టీ అడ్డురాదు, వాగు దాటినా తడవదు, కూర్చున్నా చేతికి అందుతుంది. ఒర ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పాలి. ఎలుగు ఉన్న చోట పెప్పర్ స్ప్రే డబ్బా కూడా తీసుకెళ్లు. ముందు చెయ్యి వెళ్లవలసింది దాని మీదకే. వేటకు అనుమతి ఉన్న ప్రాంతాల్లో కూడా చేతి తుపాకీకి క్యాలిబర్, గొట్టం పొడవు వంటి నియమాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కనుక, కొనకముందే అధికారుల దగ్గర ఆ సంవత్సరపు నిబంధనలు తెచ్చుకుని చదువు.

సిలిండర్ పక్కకు తెరుచుకునే డబుల్ యాక్షన్‌లో ఖాళీ తూటాలు తీసేటప్పుడు గొట్టం ఆకాశం వైపు నిలిపి, ఎజెక్టర్ కడ్డీని అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టు. మెల్లగా నొక్కితే కాలని మందు పలుకులు ఖాళీ తూటాలను బయటికి నెట్టే నక్షత్రాకారపు పలక కిందికి జారి, తర్వాత సిలిండర్ మూసుకోదు. నా దగ్గర అరిగిన టూత్ బ్రష్ ఒకటి ఎప్పుడూ జేబులో ఉంటుంది, ఆ నక్షత్రం కింద తుడవడానికే. నువ్వు వచ్చే శనివారం రా. నా ఆరంగుళాల .44, రెండు పెట్టెల స్పెషల్ తూటాలు, డమ్మీలు సిద్ధంగా ఉంచుతాను. కొనడం సంగతి అవి కాల్చి చూశాక మాట్లాడుకుందాం.

ఇట్లు,
నీ మేనమామ